అడగని రెండు ప్రశ్నలు

మనవాళ్ళం ఎవరినైనా ఏమైనా అడిగేస్తాం. జీతమెంత, ఇల్లెంతకు కొన్నారు, గ్రీన్ కార్డు ఎంతవరకు వచ్చింది - పరిచయమైన పది నిమిషాల్లో అన్నీ అయిపోతాయి. ఈ విషయంలో నేనూ తక్కువ తినలేదు. కానీ ఇన్నేళ్ళుగా షామ్‌బర్గ్‌లో ఉంటూ ఏ స్నేహితుణ్ణీ రెండు ప్రశ్నలు అడగలేదు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అన్నది ఒకటి. "ఇంట్లో తుపాకీ ఉందా?" అన్నది రెండోది. క్రితం చలికాలంలో ఒక రాత్రి ఆ రెండూ మా ఆవిడ అడిగింది.

ఫోన్ చేసింది నాకు బాగా దగ్గరి మిత్రుడు. అతని అనుమతితోనే రాస్తున్నాను, పేరు మాత్రం చెప్పను. ఉద్యోగం పోయి నాలుగు నెలలు. భార్య, పిల్లలు ఇండియాలో ఉన్నారు. మాటల మధ్యలో "నేను లేకపోయినా వాళ్ళకేం లోటు ఉండదులే, ఇన్సూరెన్సు ఉందిగా" అన్నాడు. నేను వెంటనే అందుకున్నాను. "ఛ, అవేం మాటలు! పిల్లల మొహం చూసుకో. నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్ళు ఎంతమంది లేరు!" అంటూ పాఠం మొదలుపెట్టాను. అవతల మాట ఆగిపోయింది. ధైర్యం చెబుతున్నాననుకున్నాను గానీ, నిజానికి అతని నోరు మూయించాను.

పక్కనే ఉన్న మా ఆవిడ ఫోన్ తీసుకుంది. ఆఫీసు తరఫున "మెంటల్ హెల్త్ ఫస్ట్ ఎయిడ్" అనే శిక్షణ తీసుకుని ఉంది. 2000లో ఆస్ట్రేలియాలో మొదలైన తరగతి అది. ఇప్పుడు ఇక్కడా చాలాచోట్ల జరుగుతోంది. "అన్నయ్యా, చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడిగింది. నా గుండె ఆగినంత పనైంది. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని మనందరి భయం. అలా పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయి. మోస్తున్న బరువు గురించి ఎవరో ఒకరు పేరుపెట్టి అడిగారని ఊరటే కలుగుతుందట. అతను కాసేపాగి "అవును చెల్లెమ్మా" అని ఏడ్చేశాడు.

ఆమె ఏమీ సర్దిచెప్పలేదు. "ఎప్పట్నించి?" అంది. "చాలా కష్టంగా ఉండి ఉంటుంది" అంది. ఎక్కువసేపు విన్నది. తర్వాత రెండో ప్రశ్న అడిగింది: "మీ దగ్గర పిస్తోలు ఉంది కదా, అదిప్పుడు ఎక్కడుంది?"

ఉందని మాకు తెలుసు. బంగారం కోసం మనవాళ్ళ ఇళ్ళల్లో దొంగలు పడుతున్నారని వార్తలొచ్చిన రోజుల్లో, అతనూ నేనూ కలిసే కార్డుకు దరఖాస్తు పెట్టాం. ఇల్లినాయిలో తుపాకీ గానీ, తూటాలు గానీ ఉంచుకోవాలంటే స్టేట్ పోలీసులిచ్చే "ఫాయిడ్" కార్డు ఉండాలి. 1968 నాటి చట్టం. పది డాలర్ల ఫీజు, పదేళ్ళ గడువు. తుపాకీ కొన్నాక చేతికి రావడానికి 72 గంటలు ఆగాలి. ఆ 72 గంటలు అప్పట్లో మాకు విసుగనిపించింది. ఎందుకు పెట్టారో ఆ రాత్రి అర్థమైంది. చావాలన్న తీవ్రత చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది. ప్రయత్నం చేసి బతికి బయటపడ్డవారిలో పదింట తొమ్మిది మంది ఆ తర్వాత ఆత్మహత్యతో పోలేదని పరిశోధనలు చెబుతున్నాయి. చేతికి తుపాకీ అందితే మాత్రం ఆ రెండో అవకాశం దాదాపు ఉండదు. 2022లో అమెరికాలో తుపాకీ వల్ల పోయినవారు 48,204 మంది. అందులో 27,032 ఆత్మహత్యలే. దొంగ కోసమని కొన్నది ఎవరి మీదికి తిరుగుతోందో చూడండి.

మా ఆవిడ ఫోన్ పెట్టకుండా మాట్లాడుతూనే ఉంది. నేను మంచులో గోల్ఫ్ రోడ్డు మీదుగా అతని ఇంటికి చేరాను. పెద్దగా ఏం మాట్లాడలేదు. పెరుగన్నం కలిపి పెట్టి పక్కన కూర్చున్నాను. తర్వాత ఇద్దరం కలిసి స్పీకర్ పెట్టి 988కి ఫోన్ చేశాం. 2022 జులై నుంచి దేశమంతా పనిచేస్తున్న నంబరిది, ఫోనూ టెక్స్టూ రెండూ చేయవచ్చు. ఇంగ్లీషులో చెప్పుకోలేనివారు దుబాసీని అడగవచ్చు. ప్రాణానికి తక్షణ ప్రమాదమైతే మాత్రం 911. ఇండియాలో ఉన్న అమ్మానాన్నల కోసం 14416 రాసి పెట్టుకోండి. అది ప్రభుత్వ టెలి మానస్, తెలుగులోనే మాట్లాడతారు.

పిస్తోలు సంగతి మర్నాడు తేలింది. లైసెన్సున్న ఒక దుకాణంవారు కొన్నాళ్ళు దాచడానికి ఒప్పుకున్నారు. అన్ని దుకాణాలూ ఒప్పుకోవు. పోలీసులను మామూలు నంబరుకు ఫోన్ చేసి సలహా అడగవచ్చు. ఇక్కడొక హెచ్చరిక. స్నేహం కొద్దీ "నా దగ్గర పెట్టు" అని హెచ్1 మీద ఉన్నవారు తెచ్చుకోకండి. వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, వీసా మీద ఉన్నవారు తుపాకీ కలిగి ఉండటమే ఫెడరల్ నేరం. గ్రీన్ కార్డున్నా ఫాయిడ్ లేకుండా తీసుకోకూడదు.

అతను ఒప్పుకోకపోయి ఉంటే? 2019 నుంచి ఇల్లినాయిలో ఫైర్ఆర్మ్స్ రిస్ట్రెయినింగ్ ఆర్డర్ అనే దారి ఉంది. భార్యో, భర్తో, తల్లిదండ్రులో, పిల్లలో, అదే ఇంట్లో ఉండేవారో, లేదా పోలీసులో సర్క్యూట్ కోర్టును అడగవచ్చు. ముందు 14 రోజులు, విచారణ తర్వాత ఏడాది వరకు తుపాకులు దూరంగా ఉంచుతారు. వేరే ఇంట్లో ఉండే నాలాంటి స్నేహితుడు నేరుగా అడగలేడు, పోలీసుల ద్వారా వెళ్ళాల్సిందే.

"కౌన్సెలింగ్‌కి వెళితే రికార్డులో పడుతుంది, కార్డు పోతుంది" అని అతను భయపడ్డాడు. మామూలుగా డాక్టరుతో మాట్లాడి వచ్చినంత మాత్రాన పోదు. గత ఐదేళ్ళలో మానసిక చికిత్స కోసం ఆసుపత్రిలో చేరినా, ప్రమాదం ఉందని వైద్యులు నివేదించినా పోవచ్చు. నన్నడిగితే, పోతే పోనీ. కార్డు మళ్ళీ తెచ్చుకోవచ్చు.

సంతకాల గురించి కూడా ఒక మాట. 21 ఏళ్ళు నిండనివారి ఫాయిడ్ దరఖాస్తు మీద తల్లో తండ్రో సంతకం చేయాలి. మాకు గంటలోపు దూరంలోని హైలాండ్ పార్క్‌లో 2022 జులై 4న ఏడుగురిని చంపిన యువకుడికి 2019 డిసెంబరులో తండ్రే సంతకం చేశాడు. అదే ఏడాది ఏప్రిల్‌లో ఆ కుర్రాడు ఆత్మహత్యకు ప్రయత్నించాడు. సెప్టెంబరులో ఇంట్లోవాళ్ళను బెదిరించాడని పోలీసులొచ్చి 16 కత్తులు పట్టుకెళ్ళారు. తండ్రి 2023 నవంబరులో నేరం ఒప్పుకున్నాడు, 60 రోజుల జైలు పడింది. నిరాశలో ఉన్నవాళ్ళందరూ ఇంకొకరికి హాని చేస్తారని నా ఉద్దేశం కాదు, అది చాలా అరుదు. కానీ కాలేజీ పిల్లవాడు "రేంజికి వెళ్ళడానికే నాన్నా" అని కాగితం ముందు పెడితే, సంతకానికి ముందు ఆ మొదటి ప్రశ్న మనమే అడగాలి.

మా వాడి పిస్తోలు ఇంకా ఆ దుకాణంలోనే ఉంది. తెచ్చుకుంటావా అంటే "తర్వాత చూద్దాంలే" అంటున్నాడు. నాదీ తాళంలో ఉంది, తాళంచెవి మా ఆవిడ దగ్గర. ఆదివారాలు టిఫినుకు మా ఇంటికే వస్తున్నాడు. పెసరట్టులో అల్లం తక్కువైందని చెల్లెలితో ప్రతి వారం పేచీయే.