గుండెపోటని చెప్పిన ఇల్లు

హైదరాబాద్ హబ్సిగూడలో మా వీధి చివర ఒక మొబైల్ రీచార్జ్ కొట్టు ఉంది. 28 రోజులకోసారి ఒకావిడ అక్కడికొచ్చి డబ్బులిచ్చి వెళ్తుంది. నంబరు చెప్పక్కర్లేదు, కొట్టు అబ్బాయికి నోటికొచ్చేసింది. అది ఆమె కొడుకు నంబరు. కొడుకు పోయి రెండేళ్లు దాటింది.

పరామర్శకు వచ్చినవాళ్లందరికీ ఆమె ఒకే మాట చెప్పింది: "రాత్రి పండుకున్నోడు లేవలే. గుండెపోటంట." ఇంట్లో పెళ్లీడుకొచ్చిన కూతురుంది. అసలు సంగతి బయటపడితే సంబంధాలు రావని పెద్దలంతా కూర్చుని ఆ మాట అనుకున్నారు. కన్నబిడ్డ పోయిన దుఃఖం మీద ఒక అబద్ధం కాపలా కూర్చుంది. ఈ సంగతి రాయమన్నది ఆవిడే. గుర్తుపట్టే వివరాలు మార్చాను.

తార్నాక నుంచి హబ్సిగూడ దాకా ఈ దారి పొడవునా చదువులే. ఇటు ఉస్మానియా, అటు పరిశోధన సంస్థలు, సందుసందుకీ హాస్టళ్లు. ఊళ్లో పొలం పనులు అమ్మానాన్నలకు వదిలి వచ్చిన పిల్లలు ఏళ్ల తరబడి ఉద్యోగ పరీక్షలకు చదువుతుంటారు. తెలంగాణలో తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022లో వచ్చింది. ప్రిలిమ్స్ రెండుసార్లు రాస్తే రెండుసార్లూ రద్దయింది. 2024లో మళ్లీ మొదటినుంచి రాశారు. ఈలోగా వయసు పోతుంది, ఇంటి నుంచి డబ్బులు తెప్పించుకోవడానికి సిగ్గేస్తుంది. ఫోన్‌లో అమ్మ "తిన్నవా బిడ్డా?" అంటే "తిన్న, మంచిగనే ఉన్న" అంటాడు. ఆ రోజు మెస్‌కే వెళ్లి ఉండడు.

2017 డిసెంబరులో ఉస్మానియా హాస్టల్లో ఒక ఎమ్మెస్సీ విద్యార్థి బలవన్మరణంతో క్యాంపస్ అట్టుడికింది. 2025 మార్చిలో ఇక్కడే హబ్సిగూడలో ఒకే ఇంట్లో దంపతులు, ఇద్దరు పిల్లలు చనిపోయారు. ఇలాంటివి జరిగినప్పుడల్లా నాలుగు రోజులు కారణాలు వెతుకుతాం. ఉద్యోగం లేదనో, అప్పులనో, ప్రేమనో ఏదో ఒక్కటి తేల్చేసి ఊరుకుంటాం. కానీ ఏ చావూ ఒక్క కారణంతో రాదు. చాలాసార్లు వాటన్నిటి అడుగునా ఎవరికీ చెప్పుకోని కుంగుబాటు ఉంటుంది. అది ఏడుపులాగే కనిపించాలని లేదు. నిద్ర పట్టకపోవడం, అన్నం సయించకపోవడం, ఊరికే చిరాకు, ఇష్టమైన ఆటో పాటో వదిలేయడం, నలుగురిలో నవ్వి గదికొచ్చి తలుపేసుకోవడం కూడా అదే కావచ్చు. మందులకూ మాటలకూ లొంగే జబ్బే ఇది. చెప్పుకోవడానికి మనిషి దొరకాలి, అంతే.

జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్యతో పోయారు. వారిలో 13,044 మంది విద్యార్థులు. ఈ లెక్క వేసేదీ నేరాలను నమోదు చేసే సంస్థే. మన భాష కూడా అలాగే ఉంది. నేరానికి "పాల్పడ్డాడు" అంటాం, ఆత్మహత్యకూ "పాల్పడ్డాడు" అనే రాస్తాం. 2018 మే నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆ ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలంటుంది. ఆ ప్రయత్నాన్ని నేరమన్న పాత శిక్షాస్మృతిలోని 309 సెక్షన్ 2024 జూలైతో పోయింది. చట్టం వదిలేసిన నేరాన్ని మనం ఇంకా ఆ తల్లుల నెత్తిన మోపుతున్నాం. అందుకే వాళ్లు గుండెపోటంటున్నారు.

అబద్ధం చెప్పిన ఇంట్లో ఏడవడానికీ దారుండదు. "ఆ రాత్రి ఫోన్ ఎత్తి ఉంటే" అన్న ఒక్క ఆలోచన తల్లిని, తండ్రిని, చెల్లిని విడివిడిగా తినేస్తుంది. ముగ్గురూ ఒకరితో ఒకరు అనుకోరు.

మీ పక్కగదిలో, మీ ఇంట్లో ఎవరైనా అలా మూగబోతుంటే "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్న బరువు కాస్త దిగుతుంది. ఒంటరిగా వదలకండి. మానసిక సహాయ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. మన ఊళ్లో 1997 నుంచి రోష్ని సంస్థ ఈ పనే చేస్తోంది. బిడ్డను పోగొట్టుకున్నవాళ్లు కూడా అక్కడ మాట్లాడుకోవచ్చు.

పోయిన నెల కొట్టు దగ్గర ఆవిడ కనిపిస్తే "బాబు ఏం చదివేవాడక్కా?" అన్నాను. అక్కడే నిలబడి చాలాసేపు చెప్పింది. కాకరకాయ వేపుడుంటే రెండు ముద్దలు ఎక్కువ తినేవాడట. చెల్లెలికి బండి నేర్పుతూ మోకాలు కొట్టుకున్నాడట. నడుమ గొంతు తగ్గించి, "గుండెపోటు గాదు తమ్మీ" అంది.

"తెలుసక్కా" అన్నాను.

కొంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ బాబు ముచ్చటే ఎత్తుకుంది. వెళ్తూ వెళ్తూ అన్నది: "మస్తు దినాలకు వాని పేరు తీసిన."