రోలర్ కోస్టర్‌లో తలకిందులైనా ఎందుకు పడిపోం? ఎక్కేముందు ఏం చూసుకోవాలి?

మన నకరికల్లు వైపు రైడ్ అంటే ముందు గుర్తొచ్చేది తిరునాళ్లలో జెయింట్ వీల్. పెద్ద రోలర్ కోస్టర్ ఎక్కాలంటే అడ్డరోడ్డులో బస్సెక్కి, పిడుగురాళ్ల, మిర్యాలగూడ మీదుగా హైదరాబాద్ పోవాల్సిందే. అక్కడ రావిర్యాల దగ్గర 2016లో వండర్‌లా తెరిచారు. అందులో 'రీకాయిల్' అని ఒకటుంది. ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం.

ఇది నెదర్లాండ్స్‌కి చెందిన వెకోమా కంపెనీ వాళ్ల 'బూమరాంగ్' మోడల్. బండికి ఇంజినే ఉండదు. మీరు కూర్చున్నాక ఒక కేబుల్ బండిని వెనక్కి లాక్కుంటూ సుమారు 35 మీటర్ల ఎత్తుకి తీసుకెళ్లి వదిలేస్తుంది. అంతే, ఇక పని చేసేది గురుత్వాకర్షణే. స్టేషన్ మధ్యలోంచే దూసుకెళ్లి మూడుసార్లు తలకిందులై అవతలి టవర్ ఎక్కుతుంది. అక్కడ మళ్లీ పైకి లాగి వదిలితే అదే దారిలో వెనక్కి ఇంకో మూడుసార్లు. మొత్తం ఆరు. మొహం ముందుకే, బండి మాత్రం వెనక్కి. నన్నడిగితే అసలు భయం రెండో సగంలోనే, ఏం రాబోతుందో కనిపించదు కదా!

మరి పడిపోమా? నీళ్ల బకెట్‌ని చేత్తో పట్టుకుని గిర్రున తిప్పితే నీళ్లు కింద పడవు కదా, లూప్‌లో జరిగేదీ అదే. వేగం ఉన్నంతసేపు సీటే మిమ్మల్ని లోపలికి నెడుతూ ఉంటుంది. లూప్ పూర్తి గుండ్రంగా కాకుండా నీటిబొట్టు ఆకారంలో ఉంటుంది, గమనించారా? 1895లో అమెరికాలో కోనీ ఐలాండ్‌లో అచ్చంగా గుండ్రటి లూప్ కట్టారు, ఎక్కినవాళ్లకి మెడలు పట్టేశాయి. కింద ఒక్కసారిగా పడే ఒత్తిడే దానికి కారణం. అందుకే ఇప్పుడు కింద వంపు నెమ్మదిగా మొదలై, పైకి పోయేకొద్దీ బిగుసుకుంటుంది.

బండి పట్టా తప్పకపోవడానికి చక్రాలు మూడు వైపులా ఉంటాయి: పట్టా పైన, పక్కన, కింద. అంటే పట్టాని గట్టిగా పట్టుకున్నట్టే.

ఇక భుజాల మీదికి దిగే బార్. దిగేటప్పుడు టక్ టక్ అని వినిపిస్తుంది కదా, అవి పళ్ల చక్రం మెట్లు. కిందికి దిగుతుంది, లాక్ తీస్తే గానీ పైకి రాదు. పిల్లలకి వయసు కాకుండా ఎత్తు కొలిచేది కూడా దీనికోసమే. పొట్టిగా ఉంటే బార్‌కీ ఒంటికీ మధ్య ఖాళీ మిగులుతుంది. అందుకని పిల్లాడిని మునివేళ్ల మీద నిలబెట్టి కొలత దాటించకండి, ప్లీజ్.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2025 ఏప్రిల్‌లో ఢిల్లీ కాపషేరాలో ఒక పార్కులో 24 ఏళ్ల అమ్మాయి రోలర్ కోస్టర్ మీంచి పడి చనిపోయింది. పోలీసులు కేసు పెట్టారు. పెళ్లి కుదిరిన పిల్ల.

సో, కూర్చోగానే వీపు, తల సీటుకి ఆనించండి. బార్ దించుకుని, రెండు చేతులతో గట్టిగా పైకి నెట్టి చూడండి. స్టాఫ్ వచ్చి లాగి చూస్తారు, చూడకుండా ముందుకెళ్తే పిలవండి. ఊగుతోందా, పైకి లేస్తోందా? చెయ్యెత్తి "అన్నా, ఆపు" అనండి. బండి కదలకముందే దిగిపోవచ్చు. ఫ్రెండ్స్ నవ్వుతారు, నవ్వనివ్వండి. గుండె జబ్బు, మెడ నొప్పి, గర్భం ఉన్నవాళ్లు అసలు క్యూలోనే నిలబడొద్దు.

ఫోన్? రీల్ కోసం చేతిలో పట్టుకుని ఎక్కుతారు కొందరు. బండి గంటకి 75 కిలోమీటర్ల దాకా పోతుంది, మీ ఫోన్ కూడా అదే స్పీడ్‌లో ఉంటుంది. జారితే వెనక సీటువాడి మొహానికే. జేబులో పెట్టుకున్నా తలకిందులైనప్పుడు జారొచ్చు, లాకర్‌లో పెట్టేయండి. వీడియో కావాలంటే కింద నిలబడ్డ ఫ్రెండ్‌ని తియ్యమనండి. నిజానికి కింద నుంచి తీసిందే బాగుంటుంది, మీ అరుపులు కూడా వినిపిస్తాయి.