బోధన్ పేరులో ఐదు సంఖ్యలు

ఒక సమాచారాన్ని ఉన్నది ఉన్నట్టుగా పంపడం వీలుకానప్పుడో, పంపడానికి ఖర్చు ఎక్కువైనప్పుడో, యంత్రానికి అర్థమయ్యేలా చెప్పవలసి వచ్చినప్పుడో, దానిని ముందుగా కుదుర్చుకున్న గుర్తులలోకి మార్చడాన్ని కోడింగ్ అనీ, అవతలివారు ఆ గుర్తుల నుంచి అసలు సమాచారాన్ని తిరిగి రాబట్టడాన్ని డీకోడింగ్ అనీ అంటారు. పోటీ పరీక్షలకు చదివేవారికి ఇది రీజనింగ్ పేపర్లోని ఒక అధ్యాయంగానే పరిచయం. కోడ్ అనగానే రహస్యమన్న ఊహ కలగడం సహజమే గానీ, నిత్యజీవితంలో ఎదురయ్యే కోడ్‌లలో చాలాభాగం రహస్యాలు కావు. అందరూ అంగీకరించిన బహిరంగ ఒప్పందాలు. ఈ తేడా తెలియకపోవడం ఇవాళ సామాన్యుల జేబుకే చిల్లు పెడుతున్నందున, విషయాన్ని కొంచెం లోతుగా తెలుసుకోవడం అవసరం.

నిజామాబాద్ జిల్లాలోని బోధన్‌కు వచ్చే ఉత్తరం మీద రాసే 503185 అనే పిన్ కోడ్ అలాంటి ఒప్పందమే. శ్రీరాం భికాజీ వేలంకర్ రూపొందించగా 1972 ఆగస్టు 15న అమలులోకి వచ్చిన ఈ పద్ధతిలో మొదటి అంకె 5 తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటకలున్న మండలాన్ని, మొదటి రెండంకెలు 50 తెలంగాణను, మొదటి మూడంకెలు 503 నిజామాబాద్ తపాలా విభాగాన్ని, చివరి మూడంకెలు ఫలానా తపాలా కార్యాలయాన్ని సూచిస్తాయి. 2016లో కామారెడ్డి వేరే జిల్లాగా ఏర్పడినా దాని పిన్ కోడ్ 503111గానే నిలిచింది. వాహనాల నంబర్ల సంగతి దీనికి భిన్నం. ఏపీ 25, టీఎస్ 16, టీజీ 16 అనే మూడు తరాల పలకలు నిజామాబాద్ రోడ్ల మీద పక్కపక్కనే తిరుగుతున్నాయి. 2014లో రాష్ట్రం ఏర్పడినప్పుడు ఒకసారి, 2024లో మరోసారి ఒప్పందం మారిందని ఎరిగినవారికి ఆ పలకే బండి వయసును చూచాయగా చెబుతుంది.

ఒప్పందం తెలియనిచోట డీకోడింగ్ ఆగిపోతుంది. నిజాం కాలపు భూముల కాగితాలు ఈ ప్రాంతపు కుటుంబాలలో ఇప్పటికీ ఉన్నాయి. వాటిమీది ఉర్దూ లిపి చదవగలిగినవారికి సైతం 1351 అనే సంవత్సరం కనబడితే అది ఫసలీ అనే సంవత్సరాల లెక్క అనీ, దానికి 590 కలిపితే క్రీస్తుశకం 1941 దగ్గరికి వస్తుందనీ తెలియకపోతే ఆ పత్రం కాలమే బోధపడదు.

సందేశాన్ని కుదించి ఖర్చు తగ్గించుకోవడం కోడింగ్ వల్ల కలిగే మరో ప్రయోజనం. మాటకింత అని రుసుము ఉండే టెలిగ్రాం రోజులలో మన తంతి శాఖ పెళ్లి శుభాకాంక్షలకు, దీపావళికి, ఈద్‌కు ఒక్కో అంకె కేటాయించి పట్టిక తయారుచేసింది. పంపేవారు ఆ అంకె ఎంచుకుంటే తీగ మీద అంకె మాత్రమే ప్రయాణించేది. అందుకున్న కార్యాలయం పట్టిక చూసి పూర్తి వాక్యం రాసి ఇచ్చేది. 2013 జూలైలో టెలిగ్రాం సేవ ముగిసినా, ఫోన్లో ఫొటోలను, పాటలను కుదించి పంపే పద్ధతులలోనూ పనిచేసేది ఈ ఆలోచనే: తరచుగా వచ్చేదానికి చిన్న గుర్తు, అరుదుగా వచ్చేదానికి పెద్ద గుర్తు. చుక్కలు, గీతలతో టెలిగ్రాం పంపే మోర్స్ కోడ్‌లో ఇంగ్లిషు అక్షరాలలో ఎక్కువగా వచ్చే 'ఇ'కి ఒక్క చుక్క చాలడానికి కారణం కూడా ఇదే.

కంప్యూటర్‌కు అక్షరాలు తెలియవు. విద్యుత్తు ఉన్నది, లేనిది అనే రెండు స్థితులే తెలుసు. వాటినే 1, 0 అని రాస్తారు. అటువంటి ఒక్కొక్క అంకె బిట్, ఎనిమిది బిట్లు కలిస్తే బైట్. ప్రపంచంలోని లిపులన్నింటికీ సంఖ్యలు కేటాయించే యూనికోడ్ అనే ఒప్పందంలో 1991 నాటి తొలి కూర్పు నుంచే తెలుగుకు చోటుంది. 3072 నుంచి 3199 దాకా 128 స్థానాలు తెలుగువి. బోధన్ అనే పేరు కంటికి మూడక్షరాలుగా కనబడినా కంప్యూటర్ లోపల అది ఐదు సంఖ్యలు: బ 3116, ఓత్వం 3147, ధ 3111, న 3112, పొల్లు 3149. గుణింతపు గుర్తు, పొల్లు వేర్వేరు సంఖ్యలు కావడం వల్లనే, ఫోన్లో ఒకసారి వెనక్కి కొడితే అక్షరం మొత్తం పోకుండా ముందు పొల్లు మాత్రమే పోతుంది. ఈ సంఖ్యలను బైట్లుగా పేర్చే యూటీఎఫ్-8 అనే పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంఖ్యకు మూడు బైట్లు పడతాయి. 'బ' అంటే 11100000, 10110000, 10101100. ఆ లెక్కన బోధన్‌కు 15 బైట్లు, నిజామాబాద్‌కు 30 బైట్లు.

యూనికోడ్ ఒప్పందం విలువ తెలియాలంటే పట్టణంలోని డీటీపీ సెంటర్లలో పాత పెళ్లిపత్రికల ఫైళ్లు తెరిచి చూడాలి. యూనికోడ్ వాడుకలోకి రాకముందు తయారైన ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల స్థానాలలో తెలుగు బొమ్మలను కూర్చాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అదే ఫైలు తెరిస్తే పొంతన లేని ఇంగ్లిషు అక్షరాలు, విరామచిహ్నాలు వరుసకట్టి కనిపిస్తాయి. రాసినది పోలేదు, చదివే ఒప్పందం మారింది. ఇలా చిక్కుకుపోయిన తెలుగు రాతలు ఎన్నో ఉన్నాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి పెట్టుకోవడం భాషకు చేసే నిజమైన సేవ. తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ వినిపించే బోధన్ వంటి సరిహద్దు పట్టణంలో మూడు లిపులూ ఒకే సందేశంలో ఇమడడం, అందులో ఉర్దూ కుడి నుంచి ఎడమకు సాగడం కూడా ఆ ఒప్పందం చలవే.

దారిలో కోడ్‌లో తప్పు దొర్లితే పట్టుకోవడం ఎలా అన్నది కోడింగ్ శాస్త్రంలో అన్నింటికన్నా అందమైన భాగం. నిజామాబాద్ జిల్లాలోని ఆర్మూర్, బాల్కొండ వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లే కార్మికుల పాస్‌పోర్టు అడుగున రెండు వరుసల అక్షరాలు, అంకెలు ఉంటాయి. రెండో వరుసలో పుట్టిన తేదీ సంవత్సరం, నెల, రోజు క్రమంలో ఆరంకెలుగా వచ్చి, దాని పక్కన ఏడో అంకె ఒకటి కనిపిస్తుంది. ఉదాహరణకు 1990 ఆగస్టు 15 అయితే 900815. ఈ అంకెలను వరుసగా 7, 3, 1, 7, 3, 1లతో హెచ్చవేస్తే 63, 0, 0, 56, 3, 5 వస్తాయి. మొత్తం 127, పదితో భాగిస్తే శేషం 7. ఆ 7నే పక్కన అచ్చువేస్తారు. విమానాశ్రయంలో యంత్రం 15ను 18గా చదివితే మొత్తం 130 అయి శేషం సున్నా వస్తుంది, తప్పు వెంటనే బయటపడుతుంది. అయితే పక్కపక్క అంకెల మధ్య తేడా సరిగ్గా 5 ఉండి అవి తారుమారైతే ఈ లెక్క గుర్తించలేదు. ఆధార్ సంఖ్యలోని పన్నెండో అంకెకు వాడే వెర్హోఫ్ పద్ధతి ఒక్క అంకె మారినా, ఏ రెండు పక్క అంకెలు తారుమారైనా పట్టేస్తుంది. పిన్ కోడ్‌లో ఇలాంటి కాపలా అంకె లేదు కనుకనే ఒక్క అంకె తప్పు రాస్తే ఉత్తరం వేరే ఊరి దారి పడుతుంది.

తప్పును పట్టడమే కాక సరిదిద్దడం కూడా సాధ్యమే. జపాన్‌లో 1994లో పుట్టిన క్యూఆర్ కోడ్‌లో అసలు సమాచారంతో పాటు రీడ్-సాలమన్ అనే గణిత పద్ధతిలో కట్టిన అదనపు సమాచారం ఉంటుంది. ఎంచుకున్న స్థాయిని బట్టి 7 నుంచి 30 శాతం దాకా చెడినా మిగిలిన భాగం నుంచి అంతా రాబట్టవచ్చు. నిజామాబాద్ మార్కెట్‌లో పసుపు మరకలు పడిన స్టిక్కర్ కూడా ఫోన్‌కు అందడం ఇందువల్లనే.

రహస్యం సంగతి వేరు. దాన్ని గూఢలిపి అంటారు. అక్కడ పద్ధతితో పాటు తాళంచెవి కూడా కావాలి. ప్రతి హల్లునూ వర్ణమాలలో ఒక స్థానం ముందుకు జరిపితే 'చెరకు' కాస్తా 'ఛెలఖు' అవుతుంది. ఎన్ని స్థానాలు జరిపారన్నదే తాళంచెవి. ఇంత తేలిక తాళాన్ని అన్ని జరుపులూ వరుసగా ప్రయత్నించి విప్పవచ్చు. ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కగట్టి ఇంతకన్నా గట్టి గూఢలిపులను ఛేదించవచ్చని తొమ్మిదో శతాబ్దంలోనే అరబ్బు పండితుడు అల్‌కిందీ చూపాడు. నేటి గూఢలిపులలో తాళంచెవులు ఎంత పెద్ద సంఖ్యలంటే, అలా ఒక్కొక్కటీ ప్రయత్నించి చూడడం కంప్యూటర్లకు కూడా అసాధ్యం. దుబాయి నుంచి ఇంటికి వచ్చే వాట్సాప్ సందేశాన్ని నడుమ ఎవరూ చదవలేకపోవడం ఈ తాళం వల్లనే.

దుకాణంలోని క్యూఆర్ కోడ్‌కు అటువంటి తాళం లేదు. అందులో ప్రధానంగా ఉండేది చెల్లింపు చిరునామా, పేరు. ఎవరైనా చదవవచ్చు, ఎవరైనా అటువంటిది అచ్చువేయించి అసలుదాని మీద అంటించవచ్చు. డబ్బుకు కాపలా కాసేది ఫోన్లో కొట్టే యూపీఐ పిన్, డబ్బు అందుకోవడానికి అది అవసరం లేదు. కాబట్టి స్కాన్ చేసిన తరువాత తెర మీది పేరు చూసి మరీ చెల్లించండి. డబ్బు పంపుతున్నాం, పిన్ కొట్టండి అని ఎవరు చెప్పినా కొట్టవద్దు. మోసం జరిగిపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.