సాలార్‌జంగు సేకరణము, సమకాలిక కళ: నడిగూడెపు దృష్టితో ఒక పరిశీలనము

మునగాల సంస్థానాధీశుల నివాసస్థానమైన నడిగూడెము నేడు సూర్యాపేట జిల్లాలో నొక మండల కేంద్రము. ఆ సంస్థానమునకు ప్రభువైన రాజా నాయని వెంకటరంగారావుగారి యొద్ద కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు దివానుగా నుండిరి. వీరిరువురును, రావిచెట్టు రంగారావుగారు మున్నగు మిత్రులును గలసి 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నెలకొల్పిరి. 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి వెలసినది. ఒకచోట రాయలవారి పేరు నిలిపినవారే మఱియొకచోట గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వ్రాసిన అబ్రహాము లింకను చరిత్రముతో గ్రంథప్రకటనము నారంభించిరి. ప్రాచీనాభిమానమునకును, నాటి విద్యకును వైరము కలదని వారు తలపలేదు.

అదే నగరమున, మూసీనదికి దక్షిణపు టొడ్డున నున్న సాలార్‌జంగు మ్యూజియమును ఈ దృష్టితోనే పరిశీలింపవలెనని మా యభిప్రాయము. అదియు దివానుల యింట పుట్టినదే. కాని నడిగూడెపు దివాను చేతినుండి గ్రంథములు వెలువడినవి. నైజాము దివానుల యింటికి వస్తువులు వచ్చి చేరినవి. మొదటి సాలార్‌జంగు మీర్ తురాబ్ అలీఖాను 1853 మొదలు 1883 వఱకు దివానుగా నుండెను. ఆయన మనుమడైన మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాను 1912లో ఆ పదవికి వచ్చి, రెండేండ్లకే విరమించి, శేషజీవితమును వస్తుసేకరణమునకే ధారవోసెను. ఆయన యవివాహితుడు, 1949లో మరణించునప్పటికి వారసులు లేరు. ఆయన భవనమగు దివాన్ దేవిడీలోనే 1951 డిసెంబరు 16వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూగారు మ్యూజియమును ప్రారంభించిరి. వస్తువులను ప్రదర్శనకు తీర్చినవారిలో జేమ్స్ కజిన్స్ పండితుడు ముఖ్యుడు. 1961లో పార్లమెంటు శాసనముచే అది జాతీయ ప్రాముఖ్యము గల సంస్థ యయ్యెను. 1968లో నేటి భవనమునకు మాఱినది.

ఇట్టి సంస్థకు వచ్చు చిక్కు ఒకటి కలదు. సేకర్త మరణించిన దినముననే సేకరణము ముగిసినదా? ముగిసినదన్నచో అది ఒక ప్రభువు వస్తువుల పట్టికగా నిలిచిపోవును. ముగియలేదన్నచో కొత్త చిత్రమునకు ఆ పేరు క్రింద చోటెట్లు కల్పింపవలెను? ఆధునిక భారతీయ చిత్రముల శాలలో రవివర్మ, అవనీంద్రనాథ ఠాకూరు, నందలాల్ బోసు, చుగ్తాయి మున్నగువారి కృతులతోపాటు హెబ్బార్, బెంద్రే, హుసేన్ వంటివారి కృతులును గలవు. ఈ శాల పాత యింటికి తరువాత దించిన వసారా వంటిదని కొందఱు తలతురు. మేము అట్లు తలపము.

కారణము ఆ సేకరణములోనే యున్నది. మ్యూజియములో మిక్కిలి ప్రసిద్ధమైన పాలరాతి ప్రతిమ, మేలిముసుగు వేసిన రెబెక్కా. రాతిలో పలుచని వస్త్రము చెక్కిన నేర్పునకు చూపఱులు ముగ్ధులై నిలుతురు. దానిని పురాతనమని యెంతురు. దాని శిల్పి ఇటలీ దేశస్థుడైన జొవాన్ని మరియా బెంజోని. ఆయన 1873లో మరణించెను. మొదటి సాలార్‌జంగు రోములో ఆ ప్రతిమను కొనినది 1876లో. అనగా శిల్పి పోయి మూడేండ్లే యైనది! ఆ దివాను ప్రాచీన వస్తువును గాక తన కాలపు కళనే కొనెను. ఆయన మనుమనికి చుగ్తాయి కొన్నేండ్లు చిన్న. నందలాల్ ఏడేండ్లు పెద్ద. నేడు మనకు చరిత్రగా తోచునది వారికి సమకాలికము. కావున హుసేన్ చిత్రము ఆ గోడపైకి వచ్చుట సేకర్త రుచికి భంగము కాదు. ఆ రుచికి కొనసాగింపే.

అయినను చూపఱుల నడక వేఱు. గంటగంటకు ఒక బొమ్మ వెలికివచ్చి గంట కొట్టు సంగీత గడియారమునొద్ద జనము క్రిక్కిఱిసియుందురు. ఆధునిక చిత్రముల వైపు పోవువారు కొలదిమంది. గడియారమును నిందింపము, పిల్లలకు దానికంటె మంచి గురువు లేడు. కాని ఒక గదినుండి మఱియొక గదికి ఏల పోవలెనో చెప్పు మాట చూపఱికి కావలెను. పి. టి. రెడ్డి, కాపు రాజయ్య, తోట వైకుంఠము, లక్ష్మాగౌడు వంటి తెలంగాణ చిత్రకారుల కృతులను ఈ వరుసలో చేర్చి చూపినపుడే ఆ మాట పూర్తియగును. రాజయ్యగారి బోనాలు, బతుకమ్మలు దక్కనీ చిత్రముల యెదుట నిలిచినచో రంగుల చుట్టఱికము కంటికే తెలియును.

ఇందులకు పెద్ద వ్యయ మక్కఱలేదు. గ్రంథాలయములలో పుస్తకము ఏనాడు చేరినదో చేరిక పట్టికలో వ్రాయుదురు. భాషానిలయము వంటి సంస్థలు మనకు నేర్పిన క్రమమిది. మ్యూజియము పలకలపైన వస్తువు నిర్మాణకాలము ప్రక్కనే అది సేకరణములో చేరిన సంవత్సరమును గూడ వ్రాయవలెనని మా సూచన. రెబెక్కా క్రింద 1876 అను అంకె నొకటి చేర్చినచో చాలును. దానినుండి హుసేన్ చిత్రము వఱకు దారి చూపఱికే దొరకును.