ఆ ఫైల్ ఎటు పోయింది?

మొగుడంపల్లిలో మీ ఇంటి కంప్యూటర్‌లో గేమ్ తెరవగానే ‘వీసీరన్‌టైమ్140.డీఎల్‌ఎల్ లేదు’ అని వచ్చిందనుకోండి. సీపీయూను జహీరాబాద్‌కు మోసుకెళ్లే ముందు కాస్త ఆగండి.

డీఎల్‌ఎల్ ఫైళ్లు ఊరుమ్మడి వంటపాత్రల్లాంటివి. ప్రతి ప్రోగ్రామూ సొంతంగా కొనుక్కోదు, ఉన్నవాటినే పంచుకుంటుంది. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయినా, హార్డ్‌డిస్క్ పాడైనా, యాంటీవైరస్ అనుమానపడి పక్కన పెట్టేసినా ఆ ఫైల్ దొరకదు.

ఎలా బాగుచేయాలి? వీసీరన్‌టైమ్ విండోస్‌ది కాదు, ‘విజువల్ సీ ప్లస్ ప్లస్’ ప్యాకేజీది. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి దాన్ని ఉచితంగా వేసుకుంటే సరి. విండోస్ సొంత ఫైలే పోతే స్టార్ట్‌లో సీఎండీ అని వెతికి, రైట్ క్లిక్ చేసి, అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. ‘ఎస్‌ఎఫ్‌సీ /స్కాన్‌నౌ’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి, గీతకు ముందు ఖాళీ వదలండి. అది ఒక్కో విండోస్ సిస్టమ్ ఫైల్‌నూ తనిఖీ చేసి, పాడైనవాటి స్థానంలో దాచిన మంచి ప్రతిని పెడుతుంది. 100 శాతం అయ్యేదాకా ఆ విండో మూయొద్దు.

ఫైల్ లేకపోవడమే కాదు, తప్పుడు ఫైల్ ఉన్నా తంటాయే. 2024 జులై 19న సైబర్ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన లోపభూయిష్ట ఫైల్‌తో ప్రపంచంలో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు పడకేశాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు! ఆ సమస్యకు మందు తిరగేసి: సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఫైల్‌ను తీసేయడం.

ఊరూపేరూ లేని సైట్ల నుంచి మాత్రం విడి డీఎల్‌ఎల్ దించుకోకండి. దాంతోపాటు వైరస్ కూడా రావచ్చు.