పాత తెరచాప నౌకను కొనే ముందు తెలుసుకోవలసిన లెక్కలు

పొదటూరుపేటలో పాత మగ్గం బేరానికి వెళ్ళిన నేతగాడు దాని రంగును చూచి ధర చెప్పడు. మగ్గాన్ని ఆడించి, గుడ్డ ఎలా వస్తున్నదో చూచిన తరువాతనే నోరు విప్పుతాడు. పాత తెరచాప నౌకను కొనదలచినవారికి కూడా ఇదే నీతి వర్తిస్తుంది. అమెరికా, ఆస్ట్రేలియా తీరపట్టణాలలో ఇటువంటి నౌకలు తరచుగా అమ్మకానికి వస్తాయి. పడుకోవడానికి, వండుకోవడానికి వసతి ఉండి, దూరప్రయాణానికి పనికివచ్చే ఈ నౌకలపై అక్కడ స్థిరపడిన మనవారికి కూడా ఆసక్తి కలగవచ్చు. అయితే ఈ కొనుగోలులో ఏళ్ళ తరబడి కూడబెట్టిన సొమ్ముతో పాటు, నౌకనెక్కేవారి ప్రాణాలు కూడా ముడిపడి ఉంటాయి. కనుక నౌక పనితీరు వేటిపై ఆధారపడుతుందో ముందుగా గ్రహించడం అవసరం.

వేగానికి హద్దు

నౌక వేగాన్ని నిర్ణయించే వాటిలో మొదటిది దాని మొత్తం పొడవు కాదు, నీటిని తాకి ఉండే భాగపు పొడవు. దీనిని నీటిరేఖ పొడవు అంటారు. నౌక ముందుకు సాగేటప్పుడు నీటిలో అల లేస్తుంది. వేగం పెరిగిన కొద్దీ ఆ అల పొడవు కూడా పెరుగుతుంది. అల పొడవు నీటిరేఖ పొడవుతో సమానమైనప్పుడు నౌక తాను పుట్టించిన పల్లంలోనే చిక్కుకొని, ముందున్న అలను ఎక్కలేకపోతుంది. బరువైన నౌకకు ఆపై ఎంత గాలి తగిలినా వేగం అంతగా పెరగదు.

దీనికి సులభమైన లెక్క ఉన్నది. నీటిరేఖ పొడవును అడుగులలో తీసుకొని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే గంటకు ఎన్ని నాటికల్ మైళ్ళు పోగలదో తెలుస్తుంది. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. నీటిరేఖ 16 అడుగులైతే హద్దు సుమారు 5.4 మైళ్ళు, 36 అడుగులైతే సుమారు 8 మైళ్ళు. పొడవు రెట్టింపుకు మించినా వేగం ఒకటిన్నర రెట్లే అయినది. ధర మాత్రం పొడవు కన్నా వేగంగా పెరుగుతుంది.

లెక్కకూ అనుభవానికీ దూరం

ఈ హద్దు వేగం నిత్యం లభిస్తుందని భావించడం పొరపాటు. భారత నౌకాదళ అధికారి అభిలాష్ టోమీ పదవీ విరమణ అనంతరం 2022 సెప్టెంబరులో గోల్డెన్ గ్లోబ్ పందెంలో పాల్గొని, 2023 ఏప్రిల్‌లో రెండవ స్థానంలో నిలిచారు. ఆయన నడిపిన ‘బయానత్’ కొత్తగా కట్టించినది కాదు. రస్లర్ 36 రకానికి చెందిన పాత నౌక. దాని నీటిరేఖ సుమారు 27 అడుగులు. లెక్క ప్రకారం హద్దు వేగం సుమారు 7 మైళ్ళు. సుమారు 30 వేల మైళ్ళ మార్గాన్ని ఆయన 236 రోజులలో ముగించారు. అనగా రోజుకు 127 మైళ్ళు, గంటకు సగటున 5.3 మైళ్ళు మాత్రమే.

మరొక ఉదాహరణ తెలుగువారికి మరింత దగ్గరిది. 2017 సెప్టెంబరు 10న గోవా నుండి బయలుదేరిన నౌకాదళ నౌక ‘తారిణి’లో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బి. ఐశ్వర్య సహా ఆరుగురు మహిళా అధికారులు ప్రపంచాన్ని చుట్టి, 2018 మే 21న తిరిగి వచ్చారు. 55 అడుగుల ఆ నౌక 199 రోజులు సముద్రంలో ఉండి 21,600 మైళ్ళు ప్రయాణించింది. సగటు గంటకు సుమారు 4.5 మైళ్ళు. గాలి చాలని రోజులు, తుఫాను రోజులు అన్నీ ఈ సగటులోనే కలిసి ఉన్నాయి. కనుక అమ్మేవారు చెప్పే అత్యధిక వేగంతో ప్రయాణ దినాలను లెక్కించరాదు.

తెరచాప కూడా నేత గుడ్డే

ఏ నౌక కూడా గాలికి సూటిగా ఎదురు పోలేదు. గాలి దిశకు 45 డిగ్రీల వాలుగా ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు వంకరటింకరగా సాగవలసి ఉంటుంది. ఆ విధంగా పోతే ఎదురుగాలిలో 10 మైళ్ళ దూరం 14 మైళ్ళవుతుంది. తెరచాప పాతదై 55 డిగ్రీలకు జరగవలసి వస్తే అదే దూరం 17 మైళ్ళు దాటుతుంది.

ఇందుకు కారణం నేతగాళ్ళకు సులభంగా అర్థమవుతుంది. దూరప్రయాణ నౌకల తెరచాపలను ఎక్కువగా గట్టిగా నేసిన పాలిస్టరు గుడ్డతో కుడతారు. పడుగు వైపు, పేక వైపు లాగితే గుడ్డ అంతగా సాగదు; మూలవాటుగా లాగితే సాగుతుంది. ఎండకు, గాలికి ఏళ్ళ తరబడి ఓర్చిన తెరచాప మూలవాటున సాగి సంచివలె ఉబ్బుతుంది. అట్టి తెరచాప నౌకను ముందుకు లాగడానికి బదులు ప్రక్కకు వంచుతుంది. పాత నౌక మందకొడిగా ఉన్నదంటే లోపం తెరచాపలోనే ఉండవచ్చు. దానిని మార్చవచ్చును గాని, ఆ ఖర్చును బేరంలోనే లెక్కించుకోవాలి.

బరువు, నిలకడ

కీల్ అనే అడుగుదూలంలో సీసమో, ఇనుమో ఉంటుంది. గాలికి వంగిన నౌకను తిరిగి నిలబెట్టేది ఆ బరువే. రస్లర్ 36లో మొత్తం బరువులో సగానికి కొంచెం తక్కువ భాగం అడుగుననే ఉన్నది. ఇట్టి నౌక తేలికగాలిలో నిదానంగా పోయినా పెద్ద అలలలో నెమ్మదిగా ఊగుతుంది. తేలికైన నౌక వేగంగా పోతుంది గాని లోపలివారిని ఎక్కువగా కుదుపుతుంది. బరువుతో పోల్చి తెరచాప విస్తీర్ణం ఎంతో కూడా అడగాలి. బరువు హెచ్చి విస్తీర్ణం తగ్గితే మందగాలిలో ఇంజనే గతి.

పరీక్షించవలసినవి

నౌకను నీటి నుండి పైకి తీయించి చూడనిదే బయానా ఇవ్వరాదు. ఫైబర్ ఒడలిని చిన్న సుత్తితో తట్టినప్పుడు కంగుమనక డొల్లగా పలికితే లోపలి పొరలు విడిపోయినట్లు అనుమానించాలి. అడుగున బొబ్బలు, కీల్‌ను బిగించిన బోల్టుల వద్ద తుప్పు మరకలు, కొయ్యను నిలబెట్టే ఉక్కు తీగలలో తెగిన పోగులు గమనించాలి. తీగలు పది, పదిహేనేళ్ళవైతే మార్చవలసినవిగానే ఎంచాలి. చుక్కానిని, దానిని తిప్పే యంత్రాన్ని ప్రత్యేకంగా చూడాలి. స్టీరింగు యంత్రం చెడినందువలననే తారిణి కూడా 2018 ఏప్రిల్‌లో మారిషస్‌లో అనుకోకుండా ఆగవలసి వచ్చింది.

తరువాత సముద్రంలో నడిపి చూడాలి. ప్రవాహం లెక్కను తప్పించకుండా ఒకే దారిలో పోయి, వచ్చి, రెండు వేగాల సగటు తీయాలి. ఎదురుగాలిలో ఎన్ని డిగ్రీల వరకు పోగలుగుతున్నదో కొలవాలి. చివరగా, అమ్మేవారితో సంబంధం లేని సర్వేయరును తామే నియమించుకోవాలి.

వేగపు లెక్క నౌక ఎంత త్వరగా పోతుందో చెబుతుంది. ఒడలు, కీల్, చుక్కాని, తీగలు మాత్రం అది తిరిగి వస్తుందో లేదో చెబుతాయి. చేతిలోని సొమ్ము రెండింటికీ చాలనప్పుడు చిన్నదైనా దృఢమైన నౌకను ఎంచుకోవడమే వివేకం.