ఫ్లాపీ తీగ మీద నడిచిన టేపు

పాత పర్సనల్ కంప్యూటర్లలో టేపు బ్యాకప్ మధ్యలో ఆగిపోతే తిట్లు తిన్నది సాఫ్ట్‌వేరే. తెర మీద కనబడేది అది ఒక్కటే కనుక తప్పూ దానిదే అనుకోవడం సహజం. తీసేసి మళ్లీ ఎక్కించడం, కొత్త వెర్షన్ కోసం వెతకడం, చివరికి విసుగెత్తి టేపునే నమ్మడం మానేయడం జరిగేవి. కానీ ఆ యంత్రం ఎలా పుట్టిందో తెలుసుకుంటే నేరం చాలావరకు మరోచోట తేలుతుంది. చవకగా అమ్మాలన్న తొందరలో దానికి సొంత దారి వేయలేదు, ఫ్లాపీ డ్రైవ్ కోసం వేసిన దారినే అరువిచ్చారు. తర్వాత వచ్చిన మొరాయింపుల్లో ఎక్కువ భాగం ఆ అరువుకు కట్టిన వడ్డీయే అని నా వాదన.

టేపు కంప్యూటర్ కంటే పాతది. జర్మనీలో ఫ్రిట్జ్ ఫ్లాయిమర్ 1928లో కాగితపు పట్టీకి ఇనుప ఆక్సైడ్ పొడి పూసి శబ్దాన్ని దాని మీద నిలిపాడు. 1951లో యూనివాక్ లోహపు పట్టీని వాడింది. మరుసటి ఏడాది ఐబీఎం తన 726 డ్రైవ్‌తో ప్లాస్టిక్ పట్టీకి మారింది. తెలుగు నేల మీద పెద్ద టేపుకు పేరున్న చిరునామా షాద్‌నగర్. అక్కడి భూకేంద్రం 1979 నుంచి ల్యాండ్‌శాట్ ఉపగ్రహం పంపిన సమాచారాన్ని టేపుల మీదికి దించుకుంది. ఆ రోజుల్లో దివిసీమ తీరరేఖను ఉపగ్రహ చిత్రంగా చూడాలంటే టేపు చుట్ట విప్పాల్సిందే. ఇలాంటి చోట్ల టేపుకు ప్రత్యేకమైన కంట్రోలర్, చల్లని గది, దాన్ని కనిపెట్టుకుని ఉండే మనుషులు ఉండేవారు. ఇంత పరివారంతో బతికిన యంత్రాన్ని బల్ల మీది చిన్న కంప్యూటర్‌లోకి ఒంటరిగా తెచ్చి కూర్చోబెట్టారు.

ఆ తరలింపుకు వీలు కల్పించింది 1970ల తొలినాళ్లలో 3ఎం కంపెనీ చేసిన పావు అంగుళం టేపు కార్ట్రిడ్జ్ (క్యూఐసీ). అందులో ఒక సాగే బెల్టు రెండు చుట్టలనూ ఒరుసుకుంటూ తిప్పుతుంది. డ్రైవ్ చేయాల్సిందల్లా ఒక్క చక్రాన్ని తిప్పడమే. మోటార్లు తగ్గాయి, ధరా తగ్గింది. ఈ జాతిలో చిన్న కార్ట్రిడ్జ్‌లకు క్యూఐసీ-40, క్యూఐసీ-80 అనే ప్రమాణాలు కుదిరాక కొలరాడో మెమరీ సిస్టమ్స్ వంటి కంపెనీలు మామూలు పీసీలో ఇమిడే డ్రైవ్‌లు అమ్మాయి. 1992లో హ్యూలెట్ ప్యాకర్డ్ ఆ కంపెనీని కొనేసింది. పేర్లలోని అంకెలకు లెక్క ఉంది. క్యూఐసీ-80 టేపు మీద 28 ట్రాకులు, మామూలు పొడవు టేపులో ఒక్కో ట్రాకుకు 100 సెగ్మెంట్లు, ఒక్కో సెగ్మెంటులో 32 కిలోబైట్లు. అందులో 3 కిలోబైట్లు దెబ్బతిన్న భాగాలను మళ్లీ లెక్కగట్టి రాబట్టుకోవడానికి పోతాయి. మిగిలిన 29ని 2,800తో గుణిస్తే 80 మెగాబైట్లు పైచిలుకు. అంటే ఒక సెగ్మెంటులో మూడు ముక్కలు చెడినా సమాచారం దక్కుతుంది. చవకరకం యంత్రానికి ఈ జాగ్రత్త తక్కువేమీ కాదు. దీన్ని తయారుచేసినవాళ్లు అలసులని ఎవరూ అనలేరు.

ఇక దారి సంగతి. పీసీలో ఫ్లాపీ కంట్రోలర్ అప్పటికే ఉంది, దాని 34 తీగల కేబుల్ మీద ఇంకో డ్రైవ్‌కు చోటూ ఉంది. టేపును దానికే తగిలిస్తే వేరే కార్డు కొనక్కర్లేదు. చిక్కేమిటంటే ఆ కేబుల్‌కు ఫ్లాపీ భాష ఒక్కటే తెలుసు. తలను ఒక అడుగు జరుపు, సున్నా ట్రాకు దగ్గరున్నావా, చదువు, రాయి. వెనక్కి చుట్టు అనో, టేపు ఉందా అనో చెప్పడానికి అందులో తీగే లేదు. దీనికి ఇంజనీర్లు పట్టిన ఉపాయం ముచ్చటైనది. తలను అడుగు జరపమనే స్పందనలను ఎన్నిసార్లు పంపితే అంత సంఖ్య గల ఆజ్ఞ అని కుదుర్చుకున్నారు. ఆరు స్పందనలు పంపితే నీ స్థితి చెప్పు అని, ఏడు పంపితే ఏ తప్పు జరిగిందో చెప్పు అని అర్థం. డ్రైవ్ జవాబును సున్నా ట్రాకు తీగ మీద ఒక్కొక్క బిట్‌గా ఇస్తుంది, ప్రతి బిట్‌కూ మళ్లీ రెండు స్పందనలతో అడగాలి. తలుపు తట్టిన లెక్కను బట్టి మాట పోల్చుకోవడం లాంటి ఏర్పాటు ఇది. ఒక్క తట్టు లెక్క తప్పితే యంత్రం మరో పనికి దిగుతుంది. కేబుల్ కొస వదులైనా, తట్లకు మధ్య విరామం పెరిగినా తెర మీద వచ్చే సందేశం మాత్రం ఒక్కటే, టేపు డ్రైవ్ దొరకలేదని. సాఫ్ట్‌వేర్‌ను పదిసార్లు ఎక్కించినా ఈ చిక్కు తీరకపోవడంలో వింత లేదు.

ఆజ్ఞల తర్వాత సమాచారానిదీ ఇదే గతి. సెకనుకు 5 లక్షల బిట్ల వేగంతో క్యూఐసీ-80 టేపు సెకనుకు 34 అంగుళాలు పరుగెత్తుతుంది. ఆ లెక్కన ప్రతి బైట్‌కూ 16 మైక్రోసెకన్ల గడువు. పాత ఫ్లాపీ కంట్రోలర్ చేతిలో ఒక్క బైట్ తప్ప నిలవదు, దాన్ని గడువులోగా మెమరీ అందుకోవాలి. గడువు తప్పినా ఫ్లాపీ మళ్లీ ఒక చుట్టు తిరిగి వస్తుంది, నష్టం సెకనులో చిన్న భాగం. టేపు అప్పటికే ముందుకు పోయి ఉంటుంది. ఆగాలి, వెనక్కి రావాలి, మళ్లీ వేగం అందుకోవాలి. ముందుకూ వెనక్కూ ఊగే ఆ చప్పుడు వినబడితే టేపు పాడైందనుకునేవాళ్లు ఎక్కువ. నిజానికి చాలాసార్లు కంప్యూటర్ అందించలేక వెనకబడిందని దాని అర్థం. విండోస్ వచ్చి ఒకేసారి నాలుగు పనులు చేయడం మొదలయ్యాక ఈ వెనకబాటు పెరిగింది. ఇంటెల్ 82077 చిప్‌లో 16 బైట్ల చిన్న నిల్వ పెట్టేసరికి గడువు 256 మైక్రోసెకన్లకు పెరిగి ఊపిరి ఆడింది. ఈ మార్పు జరిగింది మదర్‌బోర్డు మీద. మెరుగుపడిందన్న పేరు మాత్రం కొత్త వెర్షన్ సాఫ్ట్‌వేర్‌కు దక్కి ఉంటుంది.

అంటే సాఫ్ట్‌వేర్ నిర్దోషా అని అడగవచ్చు. కాదు. టర్బో పాస్కల్‌లో రాసిన కొన్ని డాస్ ప్రోగ్రాములు 200 మెగాహెర్ట్జ్ దాటిన ప్రాసెసర్ల మీద తెరుచుకోకుండానే పడిపోవడం వాటి సొంత లోపమే. ఎక్కడ ఏ ఫైలుందో చెప్పే కాటలాగును ఒక్కో కంపెనీ ఒక్కో తీరున రాయడం వల్ల ఒకరి టేపు మరొకరి ప్రోగ్రాముకు అర్థమయ్యేది కాదు. పొడవైన టేపు పెట్టె మీద 250 మెగాబైట్లు అని అచ్చేసి, లోపల సమాచారం సగానికి కుదించుకుపోతుందని ఊహించి లెక్క చెప్పడం వ్యాపారుల చలాకీ. ఇవన్నీ ఒప్పుకుంటాను. అన్నిటికంటే పెద్ద నేరంగా చెప్పేది మాత్రం వేరు. బ్యాకప్ పూర్తయింది అని చెప్పి, అవసరపడిన రోజున టేపు చదవలేకపోవడం. దీని వేరు వెతికితే మళ్లీ అరువు దారి దగ్గరికే వస్తాం. పెద్ద టేపు డ్రైవ్‌లలో రాసే తల వెనకే చదివే తల ఉంటుంది, రాసినదాన్ని ఆ క్షణమే సరిచూస్తుంది. ఫ్లాపీ కంట్రోలర్ ఒక సమయంలో రాయగలదు లేదా చదవగలదు, రెండూ కలిపి చేయలేదు. కాబట్టి సరిచూడాలంటే టేపంతా మొదటి నుంచి ఇంకోసారి నడపాలి. 80 మెగాబైట్లు రాయడానికి అంతా సవ్యంగా సాగితేనే అరగంట దాకా పడుతుంది, సరిచూడడానికి ఇంకో అంత. కార్యాలయం మూసే వేళకు రెండో నడక ఎవరు పెడతారు? సరిచూడు అన్న గడిలో టిక్ తీసేయడం ఒక్క క్షణం పని.

ఈ బద్ధకం మన కాగితపు సంప్రదాయానికి కొత్త. 1908 రిజిస్ట్రేషన్ చట్టం కింద దస్తావేజును పుస్తకంలోకి ఎక్కించినప్పుడు నకలును అసలుతో పోల్చి చూడడం పనిలో భాగం. నకలు రాయడం ఎంత ముఖ్యమో చదివి సరిచూడడమూ అంతే. 1998 నవంబరులో కార్డ్ పథకం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 214 సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయాల్లోకి కంప్యూటర్లను తెచ్చినప్పుడు పొలాల హక్కుల సమాచారం అయస్కాంత చుక్కల మీదికి ఎక్కింది. అలాంటి సమాచారానికి నకలు ఏ రకం యంత్రం మీద తీసినా, చదివి చూడని నకలును నకలు కింద జమకట్టకూడదన్న నియమం పాత గుమాస్తాలకు వేరే నేర్పాల్సిన పని లేదు.

కంట్రోలర్‌తో సంబంధం లేని శత్రువులూ ఉన్నాయి. కృష్ణా డెల్టాలో మొదటిది గాలి. విజయవాడ నుంచి మచిలీపట్నం వైపు ఉయ్యూరు దాటి దిగేకొద్దీ ఉక్కపోత పెరుగుతుంది, బందరు చేరేసరికి దానికి ఉప్పు కలుస్తుంది. పొడిని పట్టీకి అంటించే పాలీయురిథేన్ జిగురు కొన్ని రకాల టేపుల్లో తేమను పీల్చుకుని మెత్తబడుతుంది, తల మీద గోధుమరంగు మకిలిగా పేరుకుంటుంది. కార్ట్రిడ్జ్‌లోని బెల్టు ఏళ్లు గడిచేకొద్దీ బిగువు పోగొట్టుకుంటుంది, డ్రైవ్‌లోని రబ్బరు చక్రం కొన్నిటిలో జిగటగా కరుగుతుంది. ఇంకో చిత్రం. ఈ కార్ట్రిడ్జ్‌లలో పట్టీ కొసలు చుట్టలకు అంటించి ఉండవు. కొస దగ్గర పడిందని పట్టీలోని చిల్లుల గుండా వచ్చే వెలుగు చూసి డ్రైవ్ తెలుసుకుంటుంది. ఆ వెలుగును చూసే గాజుకన్ను మీద దుమ్ము పడితే వెలుగు అందదు, పట్టీ పూర్తిగా ఊడి ఒక చుట్ట మీదికి చేరిపోతుంది. దుమ్ము తుడవకుండా ఇంకో టేపు పెడితే దాన్నీ అలాగే ఊడదీస్తుంది. ఒక డ్రైవ్‌లో వరసగా రెండు టేపులు ఊడితే మూడోది పెట్టకూడదు.

ఇన్ని బాధలు పడే బదులు స్కజీ కార్డుతో సొంత దారి ఉన్న డ్రైవ్ కొనాల్సింది కదా అంటారు కొందరు. సోనీ, హ్యూలెట్ ప్యాకర్డ్ 1989లో తెచ్చిన డీడీఎస్ టేపు ఆ రకానిదే, మంచిదే. ధర మాత్రం వేరే లోకానిది. చెరకు బండ్ల, రైతు ఖాతాల చుట్టూ తిరిగే ఉయ్యూరు లాంటి పట్టణంలో చిన్న కొట్టు, మిల్లు లెక్కల కోసం ఒకే పీసీ కొన్నవాడి ముందున్న ఎంపిక స్కజీకీ క్యూఐసీకీ మధ్య కాదు. క్యూఐసీకీ, పదుల కొద్దీ ఫ్లాపీలు ఒకదాని తర్వాత ఒకటి మార్చడానికీ మధ్య. ఫ్లాపీ వరసలో ఒక్కటి చెడినా ఆ ఫైళ్లు పోయే వీలుంది. ఆ పోటీలో అరువు దారి టేపు గెలిచి తీరాలి. పైగా దాన్ని జేబులో వేసుకుని వేరే ఊరికి తీసుకుపోవచ్చు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచి సుమారు పదివేల ప్రాణాలు తీసినప్పుడు ఆ ఊళ్లలో కాగితాలకూ అదే గతి పట్టింది. కంప్యూటర్ ఉన్న గదిలోనే బీరువా పైన పెట్టిన బ్యాకప్ టేపు అలాంటి రోజున అక్కరకు రాదు. చవకదనం తప్పు కాదు. దాని షరతులు కొన్నవాడికి ఎవరూ చెప్పకపోవడమే తప్పు.

టేపు చచ్చిన విద్య కదా అన్నది చివరి అభ్యంతరం. 2011 ఫిబ్రవరిలో ఒక సాఫ్ట్‌వేర్ లోపం వల్ల జీమెయిల్ వాడేవారిలో 0.02 శాతం మంది ఉత్తరాలు మాయమైతే గూగుల్ వాటిని టేపుల నుంచే తిరిగి తెచ్చింది. 2000లో మొదలైన ఎల్టీవో టేపు ఇప్పటికీ పెద్ద కేంద్రాల్లో నడుస్తోంది, రాస్తూనే సరిచూసే తలలతో, సొంత దారితో. చచ్చిపోయింది అరువు దారి టేపే. లైనక్స్ దాని డ్రైవర్‌ను 2007లో తీసేసింది, కొత్త మదర్‌బోర్డుల మీద ఫ్లాపీ కంట్రోలరే లేదు. అయినా బీరువాల్లో క్యూఐసీ కార్ట్రిడ్జ్‌లు మిగిలే ఉన్నాయి, వాటిలో ఎవరివో లెక్కలూ హక్కులూ ఉండవచ్చు. ఒకటి చదవాల్సి వస్తే ప్రోగ్రాముతో మొదలుపెట్టడం పొరపాటు. రాయకుండా అడ్డుకునే మీటను ముందు జరపాలి. టేపును పొడి గదిలో ఒక రోజు ఉంచాలి. డ్రైవ్ రబ్బరు చక్రం, గాజుకన్ను, తల శుభ్రం చేసి, పనికిరాని టేపు ఒకటి ముందు నడిపి చూడాలి. నిజమైన ఫ్లాపీ కంట్రోలర్ ఉన్న పాత, నిదానమైన పీసీని, వీలైతే టేపు రాసిన డ్రైవ్‌నే వెతకాలి. ఎందుకంటే తల కాస్త పక్కకు జరిగిన డ్రైవ్ రాసిన టేపును అదే డ్రైవ్ బాగా చదువుతుంది. అప్పుడు కూడా ఫైళ్ల జోలికి పోకుండా మొదటి సెగ్మెంటు నుంచి చివరిదాకా ముడిగా చదివి హార్డ్ డిస్క్ మీదికి దించుకోవాలి, పట్టీ రెండోసారి నడుస్తుందన్న హామీ లేదు కనుక. ఏ కంపెనీ కాటలాగు, ఏ రకం కుదింపు అన్న సాఫ్ట్‌వేర్ ప్రశ్నలు ఆ తర్వాత తీరిగ్గా విప్పుకోవచ్చు.